మెదడు కణాలతో నడిచే రోబో: కాలేజీ ల్యాబులో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కట్టాలి

గాజు డిష్‌లో పెంచిన మెదడు కణాలు చక్రాల బండిని నడిపాయని వార్త వచ్చిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గోడ ఎదురైనప్పుడు బండిని తిప్పింది కణాలా, వాటి చుట్టూ మనుషులు రాసిన ప్రోగ్రామా? బండి తయారీ తేలిక. కణాల పెంపకం కష్టమే, కానీ దాని పద్ధతులు ఎప్పుడో స్థిరపడ్డాయి. ఆ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పగలిగేలా ప్రయోగాన్ని కట్టడమే అసలు విద్య. అది నేర్చుకోవడానికి ఎలుకలూ కోట్ల రూపాయల ల్యాబూ అక్కర్లేదు. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో, దేవరకొండ, వనపర్తి లాంటి ఊళ్లలోని డిగ్రీ కాలేజీలోనో నలుగురు విద్యార్థులు కలిసి, ఒక చిన్న చిప్పులో, లెక్కలతో మెదడు కణాల్లా ప్రవర్తించే వంద నమూనా న్యూరాన్లు పెట్టి అదే పనిని మొదటి నుంచి చివరి దాకా చేయొచ్చు. ముందు ఆ బండి కడదాం. నిజమైన కణాల సంగతి తర్వాత.

ఇప్పటిదాకా జరిగింది క్లుప్తంగా ఇది. 2000లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ బృందం లాంప్రే అనే చేప మెదడు కాండాన్ని ద్రావణంలో బతికించి, ఖెపెరా అనే చిన్న రోబోకు కలిపింది. వెలుతురు సెన్సర్ల సంకేతాలు ఆ కణజాలంలోకి వెళ్లి, బయటికొచ్చిన స్పందనతో చక్రాలు తిరిగాయి. 2004లో ఫ్లోరిడా యూనివర్సిటీలో థామస్ డిమార్స్ దాదాపు 25,000 ఎలుక కణాలను విమానం సిమ్యులేటర్‌కు కలిపాడు. 2008లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీలో కెవిన్ వార్విక్ బృందం ఎలుక పిండం మెదడు కణాలతో ‘గోర్డన్’ అనే బండిని నడిపింది. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ బృందం దాదాపు 8 లక్షల మనిషి, ఎలుక కణాలతో, బంతిని పలకతో కొట్టే పాంగ్ అనే వీడియో ఆట ఆడించింది. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. డిష్‌లో ఉన్నదాన్ని ‘మెదడు’ అనే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వలయంలో ఏముంటుంది

ఈ రోబోలన్నిటిలో వలయం ఒకటే. సెన్సర్ దూరాన్ని కొలుస్తుంది. ఆ దూరాన్ని విద్యుత్ ప్రేరణలుగా మార్చి కణాలకు ఇస్తారు, దీన్ని ఎన్‌కోడింగ్ అంటారు. కణాలు స్పందిస్తాయి. ఆ స్పందనలోని స్పైకులను, అంటే కణం పంపే క్షణకాలపు విద్యుత్ సంకేతాలను, లెక్కపెట్టి మోటార్ వేగంగా మారుస్తారు, ఇది డీకోడింగ్. బండి కదిలాక దూరం మారుతుంది, కొత్త కొలత మళ్లీ కణాలకు చేరుతుంది.

ఎన్‌కోడింగ్, డీకోడింగ్ రెండూ మనిషి రాసినవే. మోసం జరిగితే, ముఖ్యంగా తెలియకుండా మనల్ని మనమే మోసం చేసుకుంటే, అక్కడే జరుగుతుంది. పాంగ్ ప్రయోగంలో బంతి దగ్గరికొచ్చే కొద్దీ ప్రేరణ సెకనుకు 4 నుంచి 40 దాకా పెరిగేది. బంతి తప్పిపోతే 4 సెకన్లపాటు గజిబిజి ప్రేరణ, తగిలితే పదో వంతు సెకనుపాటు క్రమబద్ధమైన ప్రేరణ. అందులో మెచ్చుకోవాల్సింది మరొకటి ఉంది. న్యూరాన్లు లేని ద్రావణంతోనూ, న్యూరాన్లు కాని మూత్రపిండ కణాలతోనూ అదే ఆట ఆడించి పోల్చారు. ఆ పోలిక లేకపోతే ఫలితానికి విలువ లేదు.

బండికి కావాల్సిన సామాను

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. నల్గొండ బస్సైనా పాలమూరు బస్సైనా ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడికి దగ్గరే.

- ఈఎస్పీ32 డెవలప్‌మెంట్ బోర్డు 1 (న్యూరాన్ల ప్రోగ్రాము నడిచే చిప్పు ఇదే)
- టీబీ6612 మోటార్ డ్రైవర్ 1
- పసుపు రంగు బీఓ మోటార్లు 2, వాటి చక్రాలు, క్యాస్టర్ చక్రం, అక్రిలిక్ చాసిస్
- హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్లు 2
- 18650 లిథియం సెల్స్ 2, హోల్డర్, స్విచ్, సరైన చార్జర్
- ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించేది) 1
- 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండేసి, 10 కిలో ఓమ్‌ది ఒకటి, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ 1, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు 2

చాలామంది అలవాటుగా ఎల్298 డ్రైవర్ కొంటారు. అది దాదాపు 2 వోల్టులను వేడిగా పోగొడుతుంది. నెమ్మదిగా నడిచే బండికి టీబీ6612 మేలు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్స్ వాడొద్దు. ఎండాకాలం సెల్స్‌ను బైకు డిక్కీలో పెట్టి తిరగొద్దు.

వైరింగ్‌లో పొరపాట్లు ఎక్కువగా జరిగే చోట్లు ఇవి. బక్ కన్వర్టర్ కొన్నప్పుడు దాని అవుట్‌పుట్ ఎంతుంటుందో చెప్పలేం. బోర్డుకు కలపకముందే మీటరు పెట్టి 5 వోల్టులకు తిప్పుకోవాలి. సెన్సర్‌లో ట్రిగర్ పిన్ శబ్దాన్ని పంపిస్తుంది, ఎకో పిన్ తిరిగొచ్చిన సంకేతాన్నిస్తుంది. ఎకో పిన్ 5 వోల్టులిస్తుంది, ఈఎస్పీ32 తట్టుకునేది 3.3 మాత్రమే. అందుకని ఎకో నుంచి 1 కిలో ఓమ్ వరుసలో పెట్టి, బోర్డు పిన్ నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్ కలపాలి. ఎకోలకు బోర్డు మీది జీపీఐఓ పిన్లు 34, 35 వాడండి, అవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి కాబట్టి వేరే వాటికి అవసరపడవు. ట్రిగర్లకు 18, 19. ఎడమ మోటార్‌కు 25, 26, వేగానికి 27. కుడి మోటార్‌కు 32, 33, వేగానికి 23. డ్రైవర్ స్టాండ్‌బై పిన్‌ను 13కు కలిపి, అక్కడి నుంచి 10 కిలో ఓమ్‌తో గ్రౌండ్‌కు దించితే, బోర్డు ఆన్ అవుతున్నప్పుడు బండి దూకదు. 6 నుంచి 11 దాకా ఉన్న పిన్లు లోపలి ఫ్లాష్ మెమరీవి, వాటిని ముట్టుకోవద్దు. 12కు ఏదైనా కలిపితే ఒక్కోసారి బోర్డు బూట్ కాదు.

రెండు సెల్స్ నిండా చార్జ్ అయితే 8.4 వోల్టులు. బీఓ మోటార్లు 6 వోల్టులవి. ప్రోగ్రాములో వేగాన్ని 70 శాతం దగ్గర ఆపేయండి. మోటార్ నాయిస్‌తో బోర్డు మధ్యలో రీసెట్ అవుతుంటే, ప్రతి మోటార్ కాళ్ల మధ్య సిరామిక్ కెపాసిటర్, డ్రైవర్ పవర్ దగ్గర 470 మైక్రోఫారడ్ పెట్టారో లేదో చూడండి. దాదాపు ప్రతిసారీ లోపం అక్కడే ఉంటుంది.

చిప్పులో వంద న్యూరాన్లు

శాస్త్రవేత్త యూజీన్ ఇజికెవిచ్ 2003లో ప్రచురించిన నమూనా దీనికి సరిగ్గా సరిపోతుంది. లెక్క చిన్నది, ప్రవర్తన నిజమైన న్యూరాన్‌కు దగ్గర. ప్రతి న్యూరాన్‌కు రెండే సంఖ్యలు: వోల్టేజి ‘వి’, అలసట లాంటి ‘యు’. ‘ఐ’ అంటే న్యూరాన్‌కు బయటి నుంచి అందే కరెంటు.

వి మార్పు = 0.04 × వి × వి + 5 × వి + 140 − యు + ఐ
యు మార్పు = ఎ × (బి × వి − యు)

వి 30 దాటితే అది ఒక స్పైక్. వెంటనే వి విలువను −65కు దించి, యుకు ‘డి’ కలపాలి. ఉత్తేజపరిచే న్యూరాన్లకు ఎ 0.02, బి 0.2, డి 8. అణచే న్యూరాన్లకు ఎ 0.1, బి 0.2, డి 2. వందలో 80 ఉత్తేజపరిచేవి, 20 అణచేవి ఉండాలి. అణచేవి మూలకు కాకుండా అంతటా చెదిరేలా చూడండి. ప్రతి మిల్లీసెకనుకు ఒక అడుగు వేయాలి. వి లెక్కను మాత్రం అర మిల్లీసెకను చొప్పున రెండుసార్లు చేయండి, లేకపోతే వోల్టేజి అదుపు తప్పుతుంది.

న్యూరాన్లను పది అడ్డం, పది నిలువు గడిలో పరిచినట్టు ఊహించుకోండి. రెండు న్యూరాన్ల మధ్య దూరం పెరిగేకొద్దీ కనెక్షన్ ఉండే అవకాశం తగ్గాలి. దూరాన్ని 2తో భాగించి, e (సుమారు 2.718) అనే సంఖ్యను దాని రుణ ఘాతానికి హెచ్చిస్తే చాలు. పక్కపక్కవాటికి దాదాపు 60 శాతం, నాలుగు గడుల దూరంలో దాదాపు 14 శాతం వస్తుంది. కనెక్షన్ బలాన్ని వెయిట్ అంటారు. ఉత్తేజపు వెయిట్‌ను సున్నా నుంచి ఒక గరిష్ఠం దాకా యాదృచ్ఛికంగా, అణచే వెయిట్‌ను దానికి రెట్టింపు దాకా రుణంగా ఇవ్వండి. అసలు నమూనాలో 1,000 న్యూరాన్లుంటాయి. అక్కడి వెయిట్‌లనే ఇక్కడ వాడితే వల నోరు విప్పదు, ఎందుకంటే ఒక్కో న్యూరాన్‌కు అందే కనెక్షన్లు చాలా తక్కువ. గరిష్ఠం 4తో మొదలుపెట్టి ఒక్కొక్కటి పెంచండి. నేపథ్య నాయిస్‌ను, అంటే ఐకి కలిపే యాదృచ్ఛిక విలువను, ఉత్తేజపు వాటికి 5, అణచే వాటికి 2 ప్రామాణిక విచలనంతో ప్రతి మిల్లీసెకనూ ఇవ్వాలి.

వెయిట్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది? స్పైకులను కంప్యూటర్ తెర మీద చుక్కలుగా గీయండి, అడ్డంగా సమయం, నిలువుగా న్యూరాన్ నంబరు. చుక్కలు చెదురుమదురుగా ఉంటూ అప్పుడప్పుడు చిన్న గుంపులు కనిపించాలి. అంతా పల్చగా ఉంటే వెయిట్ తక్కువ. నిలువు గీతల్లా వల మొత్తం ఒకేసారి మోగుతుంటే ఎక్కువ. ఈ రెండోది బతికున్న డిష్‌లోనూ పెద్ద తలనొప్పి. దాన్ని నెట్‌వర్క్ బర్స్ట్ అంటారు. బర్స్ట్ సమయంలో ఏ ఎలక్ట్రోడ్ (కణాలకు ప్రేరణ ఇచ్చే, వాటి సంకేతాలు వినే లోహపు చుక్క) విన్నా ఒకటే అరుపు, అందులోంచి ఎడమా కుడీ అని విడదీయలేం. డిష్‌లో దీన్ని తగ్గించడానికి పరిశోధకుడు స్టీవ్ పాటర్ ల్యాబులో 2005లో పని చేసిన పద్ధతి, చాలా ఎలక్ట్రోడ్లకు విడివిడిగా, నెమ్మదిగా ప్రేరణలు పంచుతూ ఉండటం. కణాలు నిరంతరం కొద్దికొద్దిగా పనిలో ఉంటే ఒక్కసారిగా పేలవు. మీ నమూనాలో నాయిస్ చేస్తున్న పని కూడా అదే. సున్నా చేసి చూస్తే తేడా తెలుస్తుంది.

ప్రోగ్రాములో రెండు గోతులు తప్పనిసరిగా ఎదురవుతాయి. ఈఎస్పీ32కు సింగిల్ ప్రెసిషన్ లెక్కలే హార్డ్‌వేర్‌లో ఉన్నాయి. 0.04 అని ఉత్తగా రాస్తే కంపైలర్ దాన్ని డబుల్ అనుకుని సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, మిల్లీసెకను గడువు దాటిపోతుంది. ప్రతి స్థిరాంకం చివర ఫ్లోట్ గుర్తు పెట్టండి, 0.04f లాగా. రెండోది సెన్సర్. పల్స్‌ఇన్ ఫంక్షన్‌కు గడువు ఇవ్వకపోతే ఎకో రానప్పుడు సెకను దాకా ఆగిపోతుంది, అంతసేపూ న్యూరాన్లు స్తంభిస్తాయి. గడువు 12,000 మైక్రోసెకన్లు చాలు, అంటే రెండు మీటర్లు. సెన్సర్ల పనిని ఒక కోర్ మీద, న్యూరాన్లను రెండో కోర్ మీద నడపండి. సెన్సర్ టాస్క్‌లో చిన్న విరామం లేకపోతే, ప్రోగ్రాము ఇరుక్కుందేమోనని కాపలా కాసే వాచ్‌డాగ్ బోర్డును రీసెట్ చేస్తుంది. రెండు సెన్సర్లూ 60 మిల్లీసెకన్ల ఎడంతో వంతులవారీగా మోగాలి. లేకపోతే ఒకదాని ప్రతిధ్వని ఇంకోదానికి వినిపిస్తుంది.

ఏ ఎలక్ట్రోడ్ ఎవరితో మాట్లాడుతోంది

ఇక్కడ తొందరపడితే అంతా వృథా. ఎడమ సెన్సర్ నుంచి ఎడమ న్యూరాన్లకు, అక్కడి నుంచి ఫలానా మోటార్‌కు మీరే దారి వేసి, బండి బాగా తిరిగితే ‘న్యూరాన్లు నడిపాయి’ అనుకోవడం తప్పు. మీరు వేసిన దారిలో సంకేతం నడిచింది, అంతే. నిజమైన డిష్‌లో కనెక్షన్లు కణాల ఇష్టం. ముందు వాటిని కనుక్కోవాలి. నమూనాలోనూ అలాగే చేద్దాం.

గడిలో సున్నా నుంచి లెక్కపెట్టి 1, 3, 6, 8 వరసలు కలిసే చోట్ల 16 ఎలక్ట్రోడ్లు ఉన్నాయనుకోండి. ప్రతిదీ తన కింది న్యూరాన్‌నూ, దాన్ని ఆనుకున్న నాలుగింటినీ వింటుంది. కొన్ని న్యూరాన్లు రెండు ఎలక్ట్రోడ్లకు వినిపిస్తాయి. డిష్‌లోనూ అంతే కాబట్టి దాన్ని సరిచేయొద్దు. ప్రేరణ అంటే ఆ ఐదింటికీ 2 మిల్లీసెకన్లపాటు ఐ విలువకు 20 కలపడం. అది స్పైక్ రప్పించడానికి సరిపోతుంది.

ఒక్కో ఎలక్ట్రోడ్‌కు సెకను ఎడంతో 30 ప్రేరణలివ్వండి. 16కూ కలిపి 480, ఎనిమిది నిమిషాల పని. ప్రతి ప్రేరణ తర్వాత 5 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్య మిగతా 15 ఎలక్ట్రోడ్లలో వచ్చిన స్పైకులు లెక్కపెట్టి, ప్రేరణకు ముందు అంతే కాలంలో వచ్చినవి తీసేయండి. మొదటి 5 మిల్లీసెకన్లు ఎందుకు వదలాలంటే, నిజమైన డిష్‌లో ప్రేరణ వోల్టేజి యాంప్లిఫయర్‌ను కాసేపు చెవిటిదాన్ని చేస్తుంది. ఆ కాలంలో కనిపించేది కణాల స్పందన కాదు.

వచ్చిన పట్టికలో ఒక జత వెతకాలి. ‘ఎ’ ఎలక్ట్రోడ్‌ను (ఇక్కడి ఎ, బి పై సూత్రంలోవి కావు) ప్రేరేపిస్తే ‘పి’ గుంపు బాగా మోగాలి, ‘క్యూ’ గుంపు తక్కువ మోగాలి. ‘బి’ని ప్రేరేపిస్తే దానికి తిరగబడాలి. పి, క్యూ ఒక్కోదాంట్లో రెండు మూడు ఎలక్ట్రోడ్లుంటే నాయిస్ తగ్గుతుంది. అలాంటి జత దొరకకపోతే యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ (వాటి వరసను నిర్ణయించే మొదటి సంఖ్య) మార్చండి. సీడ్ మారితే కొత్త డిష్ వచ్చినట్టే, కొత్త స్వభావం. కొన్ని సీడ్లు ఎంత వెతికినా పనికిరావు. డిష్‌లూ అంతే. పనికిరాని వాటి సంఖ్యను కూడా రాసి పెట్టండి. ఫలితం చెప్పేటప్పుడు అదీ చెప్పాలి.

వలయం మూయడం

ఎడమ సెన్సర్ దూరం ఎకు, కుడి సెన్సర్ దూరం బికి. మీటరు, అంతకు మించి ఉంటే సెకనుకు 4 ప్రేరణలు, 10 సెంటీమీటర్లకు వస్తే 40, మధ్యలో సమానంగా పెంచండి. ప్రతి 100 మిల్లీసెకన్లకు పి, క్యూ స్పైకులు లెక్కపెట్టి, పాత సగటులో 70 శాతం, కొత్త లెక్కలో 30 శాతం కలపండి. అడ్డంకి లేనప్పుడు రెండు నిమిషాలు నడిపి వచ్చిన సగటు మీ ఆధారం. పి ఆధారాన్ని దాటినంత మేర కుడి చక్రం వేగం తగ్గాలి, క్యూ దాటినంత మేర ఎడమ చక్రం తగ్గాలి, మరీ ఎక్కువైతే చక్రం వెనక్కి తిరగాలి. ఎడమవైపు గోడ వస్తే కుడి చక్రం నెమ్మదించి బండి కుడికి మళ్లుతుంది. పి పెరిగితే ఎడమ చక్రాన్ని వేగం చేయడం కూడా కాగితం మీద సరైనదే. కానీ ఎదురుగా గోడ ఉంటే రెండు చక్రాలూ వేగం పుంజుకుని బండి గోడను గుద్దుతుంది. తగ్గించే పద్ధతిలో బండి ఆగుతుంది, తర్వాత నాయిస్ వల్ల ఏదో ఒక పక్కకు ఒరిగి తప్పించుకుంటుంది.

బీఓ మోటార్లు 30, 40 శాతం కన్నా తక్కువ వేగంలో మూలుగుతాయే గానీ తిరగవు. మీ మోటార్‌కు ఆ గీత ఎక్కడుందో కొలిచి, మూల వేగాన్ని దానికి కాస్త పైన పెట్టండి.

బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంటే వెంటనే న్యూరాన్లను అనుమానించొద్దు. మోటార్ల వైర్లు ఒకదానికొకటి మార్చి నడపండి. లాగుడు పక్క మారకపోతే మోటారో చక్రమో కారణం, మారితే వలలో అసమానత ఉంది. సెన్సర్ ముందు గుడ్డ ఉన్నా, గోడ బాగా ఏటవాలుగా ఉన్నా ఎకో తిరిగి రాదు, ప్రోగ్రాముకు అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. నున్నటి టైల్స్ మీద చక్రాలు జారితే ఫలితాలన్నీ చెడతాయి. సిమెంటు గచ్చు మంచిది.

మూలలో ఇరుక్కున్నప్పుడు బండిని వెనక్కి తీసే రెండు లైన్ల కోడ్ రాయాలని చేతులు దురద పెడతాయి. రాయొచ్చు, కానీ అది పనిచేసిన ప్రతిసారీ లాగ్‌లో పడాలి, ఫలితాల్లో వేరుగా చూపాలి. డిష్‌తో నడిచే రోబో వీడియో ఏదైనా చూసినప్పుడు ఇలాంటి సహాయక కోడ్ ఉందా అని ముందు అడగండి.

తిప్పింది ఎవరో తేల్చడం

మీటరున్నర చదరపు స్థలానికి ఫ్రిజ్ అట్టపెట్టె కోసి గోడలు కట్టి, మధ్యలో మూడు అడ్డంకులు పెట్టండి. నాలుగు రకాలుగా నడపాలి. ఒకటి, మామూలు వలయం. రెండు, ఇంకో పరుగులో రికార్డ్ చేసిన స్పైకులను మోటార్లకు ఆడించడం, అంటే సెన్సర్‌తో సంబంధం తెగిపోతుంది. మూడు, రెండు సెన్సర్ల సంకేతాలను ప్రతి రెండు సెకన్లకు యాదృచ్ఛికంగా తారుమారు చేయడం. నాలుగు, వలను పూర్తిగా పక్కన పెట్టి సెన్సర్ దూరాన్ని నేరుగా చక్రాలకు కలపడం.

ఒక్కో రకం మూడేసి నిమిషాల చొప్పున 20 పరుగులు. మొత్తం 80 పరుగులు, నాలుగు గంటల నడక, బ్యాటరీ మార్పులు అదనం. వరసను చీట్లు తీసి నిర్ణయించండి. ఒకే రకాన్ని వరుసగా నడిపితే బ్యాటరీ తగ్గడం వల్ల వచ్చిన మార్పు ఆ రకం ఖాతాలో పడుతుంది. గుద్దులు లెక్కపెట్టే మనిషికి ఏ రకం నడుస్తోందో తెలియకూడదు. చివర్లో ఒకటో రకానికీ మూడో రకానికీ తేడా తీసి, ఆ 40 పరుగుల పేర్లను కంప్యూటర్‌లో పదివేల సార్లు కలగలిపి, అంత తేడా కాకతాళీయంగా ఎన్నిసార్లు వస్తుందో చూడండి.

రెండు, మూడు రకాల్లో గుద్దులు మామూలు వలయంతో సమానంగా ఉంటే, మీ బండి ఊరికే తిరుగుతోంది, న్యూరాన్లు దారి చూపడం లేదు. నాలుగో రకం అన్నిటికన్నా బాగా నడవడం ఖాయమనే అనుకోండి. గోడ తప్పించుకోవడానికి రెండు లైన్ల నియమం చాలు, న్యూరాన్లు అవసరం లేదు. అది దాచాల్సిన విషయం కాదు. న్యూరాన్ల రోబో విలువ గోడ తప్పించుకోవడంలో లేదు. కణాల వల మీద ఏదైనా ప్రభావం పడినప్పుడు అది ప్రవర్తనలో ఎలా కనబడుతుందో చూడటంలో ఉంది.

నేర్చుకుందని చెప్పాలంటే ఇది సరిపోదు. ఈ వలలో వెయిట్లు మారవు కాబట్టి నేర్చుకోవడం అసాధ్యం. అయినా కొన్ని రోజులు పరుగులు గ్రాఫ్ గీస్తే మెరుగైనట్టు కనిపించే వంపులు వస్తాయి. నేర్చుకోలేని వల ఎలాంటి గ్రాఫ్ ఇవ్వగలదో తెలిశాకే డిష్ ఫలితాలను చదవాలి.

బతికున్న డిష్‌కు ఏం కావాలి

ఎలుక పిండం 18వ రోజు మెదడు పొర నుంచి కణాలు తీసి, పపైన్ ఎంజైముతో విడదీసి, పాలీఇథిలీన్‌ఇమైన్, లామినిన్ పూసిన ఎలక్ట్రోడ్ డిష్‌లో వేస్తారు. సాధారణ డిష్‌లో 60 ఎలక్ట్రోడ్లుంటాయి, ఒక్కోటి 30 మైక్రాన్ల వెడల్పు, 200 మైక్రాన్ల ఎడం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నిండు తేమ. వారం నాటికి స్పైకులు మొదలవుతాయి, మూడు నాలుగు వారాలకు వల పరిపక్వమవుతుంది. బయటి నుంచి వినిపించే స్పైక్ కొన్ని పదుల మైక్రోవోల్టులే. అందుకే సెకనుకు 20,000 లేదా అంతకు మించి కొలతలు తీసి, 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య వడగట్టి, నాయిస్ ప్రామాణిక విచలనానికి ఐదు రెట్లు దాటినదాన్నే స్పైక్‌గా లెక్కిస్తారు.

మన జిల్లాల్లో ఈ ల్యాబు పెట్టేవాళ్లు ముందు చూడాల్సింది ఎండ. మామూలు కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌కు వేడి చేయడం తెలుసు, చల్లబరచడం తెలియదు. గది దానికన్నా కనీసం 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. మే నెలలో నల్గొండలో బయట 44 దాటుతుంటే, ఏసీ లేని గదిలో ఇంక్యుబేటర్ 37 దగ్గర నిలవదు, కణాలు ఉడుకుతాయి. ఏసీకీ ఇంక్యుబేటర్‌కూ రెండిటికీ కరెంటు బ్యాకప్ ఉండాలి. ఒక్క ఇంక్యుబేటర్‌కే యూపీఎస్ పెడితే కరెంటు పోయిన గంటలో గది వేడెక్కుతుంది. కరెంటు లేనప్పుడు తలుపు తీయొద్దు.

రెండోది నీళ్లు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, ఆ నీళ్లలో మిగతా లవణాలూ ఎక్కువే. ఇంక్యుబేటర్ ట్రేలో బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది. క్రిమిరహిత డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మరీ అతిశుద్ధమైన డీఅయనైజ్డ్ నీరు కూడా వద్దు, అది స్టీలును తింటుంది. కణాలకు పోసే పోషక ద్రవాన్ని, అంటే మీడియంను, సొంతంగా కలపకుండా తయారుగా ఉన్నదే కొనండి.

డిష్‌లు చచ్చిపోయే కారణాల్లో జనం తక్కువ పట్టించుకునేది ఆవిరి. ఒక మిల్లీలీటరు మీడియంలో కొంత నీరు ఆవిరైతే ఉప్పు గాఢత పెరిగి కణాలు మెల్లగా ముడుచుకుంటాయి. బూజు కనిపించదు, రంగు మారదు, స్పైకులు మాత్రం తగ్గిపోతాయి. పాటర్, డిమార్స్ 2001లో దీనికి ఉపాయం చెప్పారు. వాయువులు పోనిచ్చి నీటి ఆవిరిని ఆపే పల్చటి ఎఫ్‌ఈపీ ప్లాస్టిక్ పొరతో మూత బిగిస్తే, క్రిములూ రావు. అలా పెంచిన డిష్‌లు ఏడాది దాటి బతికాయి. మీడియం పసుపు రంగుకు తిరిగితే ఆమ్లం పెరిగింది, ముదురు గులాబీ అయితే కార్బన్ డయాక్సైడ్ అందడం లేదు, ముందు సిలిండర్ చూడండి. వానాకాలంలో బూజు బెడద ఎక్కువ, యాంటీబయాటిక్స్ బూజును ఆపవు.

అనుమతుల్లో సందు వెతకొద్దు. ఎలుక కణాలకు సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) నమోదు, సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం ఉండాలి. మనిషి మూలకణాలకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థలో మూలకణ పరిశోధన కమిటీ ఆమోదం ఉండాలి. ఇవి లేని కాలేజీ నమూనా న్యూరాన్ల దగ్గరే ఆగి, కణాల పని ఈ ఏర్పాట్లున్న సంస్థతో కలిసి చేయాలి.

దేనికి పనికొస్తుంది

ఇప్పటికిప్పుడు గట్టిగా చెప్పగలిగిన ఉపయోగం విషప్రభావ పరీక్ష. పత్తి చేలలో కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్లు న్యూరాన్ల సోడియం ద్వారాల మీద పనిచేస్తాయి. ఎలక్ట్రోడ్ డిష్‌లో మందు కలిపితే కణాలు చావకముందే స్పైకుల తీరు మారడం కనిపిస్తుంది. కణం బతికిందా చచ్చిందా అని మాత్రమే చూసే పరీక్ష దీన్ని పట్టలేదు. మందు చల్లే రైతులున్న మన ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. మూర్ఛ మందుల పరీక్షకూ ఇదే పద్ధతి, బర్స్ట్‌లు తగ్గుతున్నాయా అని చూస్తారు. రోగి చర్మం నుంచో రక్తం నుంచో చేసిన మూలకణాలతో ఆ రోగి న్యూరాన్లనే పెంచి చూడొచ్చు. తక్కువ కరెంటుతో నడిచే కంప్యూటర్లు వస్తాయన్న ఆశ ఉంది, కానీ ఇంక్యుబేటర్, పంపులు, యాంప్లిఫయర్ల కరెంటు కలపకుండా చెప్పే లెక్క నమ్మొద్దు. పొలంలో తిరిగే, ఇంట్లో పనిచేసే కణాల రోబో మాత్రం సమీపంలో లేదు. వారాల కొద్దీ 37 డిగ్రీల్లో, క్రిములు సోకకుండా ఉంచాల్సిన మెదడును బండి మీద పెట్టుకుని తిరగడం కష్టం. గోర్డన్‌లోనూ కణాలు ఇంక్యుబేటర్‌లోనే ఉండేవి, బండికి సంకేతాలు గాలిలో వెళ్లేవి.

డిష్ లేనివాళ్లకు దూరం నుంచి వాడుకునే దారి తెరుచుకుంది. కార్టికల్ ల్యాబ్స్ 2025లో సీఎల్1 అనే యంత్రాన్ని సుమారు 35,000 డాలర్లకు ప్రకటించింది, క్లౌడ్ ద్వారా అద్దెకు వాడుకునే ఏర్పాటూ పెట్టింది. స్విట్జర్లాండ్‌లోని ఫైనల్‌స్పార్క్ తన ఆర్గనాయిడ్లను (ల్యాబులో పెంచిన మెదడు కణాల చిన్న ఉండలను) ఇంటర్నెట్ ద్వారా పరిశోధకులకు అందిస్తోంది. ఇక్కడి బండిని అక్కడి కణాలతో నేరుగా నడపాలనుకుంటే సంకేతం పోయిరావడానికే వంద మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, ఆ ఆలస్యం పరుగు పరుగుకూ మారుతుంది. బండి వేగం తగ్గించి, ప్రతి సంకేతానికీ సమయ ముద్ర వేయాలి. లేదా ఎన్‌కోడింగ్, డీకోడింగ్ అక్కడి యంత్రంలోనే నడిపి, బండిని కంప్యూటర్ బొమ్మగా మార్చాలి.

అలాంటి చోటికి దరఖాస్తు పెట్టేటప్పుడు బండి వీడియోతో పాటు నాలుగు రకాల పరుగుల పట్టిక, పనికిరాని సీడ్ల సంఖ్య, ఏ ఎలక్ట్రోడ్ ఎవరితో మాట్లాడుతోందో కనుక్కునే ప్రోగ్రాము జతచేయండి. మీ ఈఎస్పీ32లో 16 ఎలక్ట్రోడ్ల కోసం రాసిన ఆ ప్రోగ్రామునే, ఎలక్ట్రోడ్ల సంఖ్య, ఖాళీ వదిలే 5 మిల్లీసెకన్ల కాలం, ప్రేరణల మధ్య ఎడం మార్చుకుని అక్కడి కణాల మీద నడపాలి. నిజమైన కణాలకు ప్రేరణల మధ్య సెకను చాలకపోవచ్చు. ముందు రెండు మూడు సెకన్లు ఇచ్చి, స్పందన తగ్గకపోతేనే కుదించండి.